పుర్సతు ఎక్కడికి పోయింది? – పెట్టుబడి యుగంలో మన నిత్య జీవితం

ఈ రోజుల్లో ఎవరిని పలకరించినా మొదట వినిపించే మాట "పుర్సతు లేదు" అన్నదే. కూలికి పోయేవాడికి పుర్సతు లేదు, దుకాణదారుకు లేదు, ఆఫీసరుకు లేదు, ఆఖరుకు బడికి పోయే పిల్లవాడికి కూడా లేదు. ఉర్దూలోని 'ఫుర్సత్' తెలుగులోకి వచ్చి 'పుర్సతు' అయినది. మాట మిగిలింది గాని ఆ మాట చెప్పే వస్తువు మాత్రం కనబడటం లేదు. మన తాతల కాలంలో పిండి విసరాలి, వడ్లు దంచాలి, బావి నుంచి నీళ్ళు తోడాలి. నేడు ఈ పనులన్నీ యంత్రాలే చేస్తున్నవి. పనులు తేలికైనప్పుడు తీరిక పెరగాలి కదా! మరి ఎందుకు తగ్గింది?

ఇది మనుషుల స్వభావం మారినందువల్ల వచ్చిన లోటు కాదు. దీనికి సుమారు రెండు వందల యాభై ఏండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను మన సంఘ సభ్యులకు, వారి ఇంటివారికి తేట మాటల్లో చెప్పటమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

పెట్టుబడిదారీ విధానం అనగానే మనకు పెద్ద పెద్ద మిల్లులు, బ్యాంకులు, కోటీశ్వరులు గుర్తుకు వస్తారు. అదెక్కడో లండనులోనో బొంబాయిలోనో ఉన్న వ్యవహారమని, మన వంటి సామాన్యులకు దానితో ఏమి పని అని అనుకుంటాం. కాని అది మనం నిద్ర లేచే వేళలో ఉన్నది, తాగే చాయ్‌లో ఉన్నది, పిల్లల బడి గంటలో ఉన్నది, నెలాఖరుకు కట్టే కిస్తీలో ఉన్నది. దాని కీలకం ఒక్క మాటలో చెప్పవచ్చు. సాలె తాను నేసిన బట్టను అమ్ముకుంటాడు. మిల్లు కార్మికుడు బట్టను అమ్మడు, ఎందుకంటే ఆ బట్ట వాడిది కాదు, మగ్గమూ వాడిది కాదు. వాడు అమ్మేది తన రోజును. మనిషి తన వస్తువును అమ్ముకోవటం మాని తన పొద్దును అమ్ముకోవటం మొదలుపెట్టిన నాటి నుంచి పుర్సతు కథ మారిపోయినది.

గడియల కాలం

పూర్వం మన దేశంలో పగలూ రాత్రీ కలిపి అరవై గడియలుగా లెక్కించేవారు. గడియ అంటే 24 నిమిషాలు. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీటిపై ఉంచితే అది నిండి మునగటానికి పట్టే కాలమే గడియ. గిన్నె మునిగినప్పుడల్లా కోటలలో, పెద్ద పట్టణాలలో గంట కొట్టేవారు. సామాన్య జనానికి ఆ లెక్క కూడా అవసరం పడేది కాదు. కోడి కూత, పొద్దు పొడుపు, అజాన్, గుడి గంట, పశువులు ఇంటికి మళ్ళే వేళ – ఇవే వారి గడియారాలు. ఇవన్నీ సూర్యునితో పాటు నడిచేవి. ఎండకాలం పొద్దు పొడుగు, చలికాలం పొట్టి. పని కూడా అట్లే. కోతలప్పుడు రాత్రింబగళ్ళు, కోతలయ్యాక విశ్రాంతి.

దీన్ని బట్టి పాత కాలమే బంగారు కాలమని మేము అనటం లేదు. కరువు వస్తే తిండి లేదు. తెలంగాణాలో దొరల గడీలలో వెట్టి చేసిన వారికి తమ పొద్దు మీద ఏ అధికారమూ లేదు. కబురు వస్తే చేస్తున్న పని వదిలి పోవలసినదే, కూలి అడగరాదు. కులాన్ని బట్టి పని, పనిని బట్టి కులం. ఈ సంగతి మరచి చరిత్ర చెబితే అది సగం చరిత్రే అవుతుంది.

బయానాతో మొదలు

మన తీరంలో ఈ మార్పు తొలి అడుగు బట్టల వర్తకంలో కనబడుతుంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టినది. అద్దకం బట్టలకు, సన్నని నూలు బట్టలకు ఐరోపాలో గిరాకీ ఎక్కువ. వర్తకులు నేతగాళ్ళకు ముందుగా డబ్బు ఇచ్చి బట్ట రాయించుకునేవారు. దీనినే దాదనీ అనేవారు, మన మాటలో బయానా. నేతగాడు అప్పటికి ఇంకా తన ఇంట్లో, తన మగ్గం మీద, తనకు వీలైనప్పుడు నేసేవాడు. అయితే 18వ శతాబ్దంలో కంపెనీకి రాజ్యాధికారం కలిగిన తరువాత ఆ బయానాయే సంకెల అయినది. ఒకసారి కంపెనీ డబ్బు పట్టినవాడు మరొకరికి నేయరాదు. గుమాస్తా వచ్చి మగ్గం దగ్గర నిలబడేవాడు. వస్తువు ఇంకా నేతగాడిదే, కాని వాడి రోజు మెల్లగా చేజారుతున్నది.

క్రామ్‌ఫర్డ్ గంట

పూర్తి మార్పు ఇంగ్లండులో జరిగినది. రిచర్డ్ ఆర్క్‌రైట్ అనే ఆయన మొదట మంగలి పని, విగ్గులు తయారు చేసే పని చేసినవాడు. 1769లో నీటి బలంతో నూలు వడికే యంత్రానికి పేటెంటు పొంది, 1771లో క్రామ్‌ఫర్డ్ అనే చోట ఏటి ఒడ్డున మిల్లు కట్టించాడు. ఏరు రాత్రి కూడా పారుతుంది, యంత్రం రాత్రి కూడా తిరుగుతుంది. అందుచేత మనుషులను రెండు భాగాలు చేసి పన్నెండేసి గంటల చొప్పున పగలొకరు, రాత్రి ఒకరు పని చేసేటట్లు పెట్టాడు. గంట మోగేసరికి లోపల ఉండాలి. ఆలస్యమైతే కూలి పోతుంది. నేడు మనం 'షిఫ్టు' అంటున్న దాని పుట్టుక ఇదే.

అంతకు ముందు ఇంగ్లండు చేతిపనివారు కూడా మనవారి వంటివారే. వారం చివర్లో ఒళ్ళు వంచి పని చేసి, సోమవారం నాడు సెలవు పుచ్చుకునేవారు. ఆ సోమవారానికి వేళాకోళంగా ఒక పుణ్యపురుషుని పండుగ పేరు కూడా పెట్టుకున్నారు. మిల్లు వచ్చిన తరువాత ఆ సోమవారం క్రమంగా పోయినది. 1805 ప్రాంతంలో గ్యాసు దీపాలు మిల్లులలోకి వచ్చాయి. దానితో చీకటి పడితే పని ఆగాలన్న ప్రకృతి నియమం కూడా పోయినది. తెల్లవారుజామున కార్మికులను నిద్ర లేపటానికే కొందరు మనుషులు బయలుదేరారు. పొడుగాటి కర్రతో కిటికీలు తట్టుతూ వీధి వీధి తిరగటమే వారి జీవనాధారం. నిద్రకు కూడా బయటివాడి తట్టుడు అవసరమైన కాలం వచ్చిందన్న మాట.

గడియారం ఎవరి చేతిలో ఉన్నదన్నది కూడా ముఖ్యమైన ప్రశ్నే. స్కాట్లండులోని డండీ మిల్లులో బాల్యంలో పని చేసిన ఒక కార్మికుడు తన స్మృతులలో ఈ సంగతి రాశాడు. పొద్దున మిల్లు గడియారాన్ని ముందుకు, సాయంత్రం వెనక్కు తిప్పేవారట. తమ వద్ద గడియారం ఉన్నా పైకి తీయటానికి కార్మికులు జంకేవారట. పొద్దును కొన్నవాడే దాన్ని కొలిచే త్రాసును కూడా పట్టుకుంటే ఎట్లా ఉంటుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక పిల్లల సంగతి. సన్నని చేతులు యంత్రాల సందుల్లోకి సులభంగా దూరుతాయని ఆరేడేండ్ల పసివారిని కూడా పనిలో పెట్టారు. దీనిపై ఎంతో ఆందోళన జరిగిన మీదట 1833లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసినది. తొమ్మిదేండ్ల లోపు పిల్లలను బట్టల మిల్లులలో పెట్టరాదు, 9 నుంచి 13 ఏండ్ల వారికి రోజుకు 9 గంటలకు మించి పని ఇవ్వరాదు అని. దీనిని అమలు చేయటానికి దేశమంతటికీ నలుగురు ఇన్‌స్పెక్టర్లను నియమించారు. స్త్రీలకు, యువకులకు పది గంటల చట్టం 1847లో వచ్చినది. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల వినోద విజ్ఞానాలు, ఎనిమిది గంటల విశ్రాంతి అనే ఆదర్శాన్ని రాబర్ట్ ఓవెన్ 1817లోనే ముందు పెట్టాడు. ఆయన స్వయంగా మిల్లు యజమాని అన్నది గమనించదగినది. ఆ ఎనిమిది గంటల కోసమే 1886 మే నెలలో చికాగో కార్మికులు సమ్మె చేశారు, ప్రాణాలు పోయాయి. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలోనే రోజుకు 8, వారానికి 48 గంటలని రాసింది. అంటే క్రామ్‌ఫర్డ్ మిల్లు నాటి పన్నెండు గంటల నుంచి ఎనిమిది గంటలకు రావటానికి నూట యాభై ఏండ్లకు దగ్గరగా పట్టినది.

ఆదివారం మనకు ఎట్లా వచ్చింది?

బొంబాయిలో తొలి నూలు మిల్లు కంపెనీ 1854లో ఏర్పడినది. అక్కడ పని పొద్దు పొడుపు నుంచి పొద్దు కుంకే దాకా సాగేది. 1905 ప్రాంతంలో విద్యుద్దీపాలు వచ్చిన తరువాత కొన్ని మిల్లులలో అది 14, 15 గంటల దాకా పోయినది. 1881లో వచ్చిన తొలి ఫ్యాక్టరీల చట్టం ఏడేండ్ల లోపు పిల్లలను మాత్రమే నిషేధించి, 7 నుంచి 12 ఏండ్ల వారికి 9 గంటల హద్దు పెట్టినది. పెద్దవారికి ఏ హద్దూ లేదు. ఆ చట్టానికి మాంచెస్టరు మిల్లు యజమానుల ఒత్తిడి కూడా ఒక కారణం. బొంబాయి బట్ట చౌకగా వస్తే తమ బట్టకు పోటీ అవుతుందని వారి భయం. పెట్టుబడి ఒక్కొక్కప్పుడు దయాగుణాన్ని కూడా తన లెక్కల్లోనే వేసుకుంటుంది!

వారానికి ఒకరోజు సెలవు అన్నది మనకు ఆకాశం నుంచి ఊడిపడలేదు. జోతిరావు ఫూలే అనుయాయి నారాయణ మేఘాజీ లోఖండే 1884 నుంచి బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి అర్జీలు పెట్టించాడు, సభలు జరిపాడు. ఆ కృషి ఫలితంగా 1890 జూన్ 10న ఆదివారం సెలవుకు మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు, 1891 చట్టంలో వారపు సెలవు చేరినది. నేడు ఆదివారం నాడు మనం బంధువుల ఇంటికి పోతున్నామన్నా, సంఘ సమావేశం పెట్టుకుంటున్నామన్నా ఆ మిల్లు కార్మికుల పుణ్యమే.

పెద్దవారి పని గంటలు కూడా మెట్టు మెట్టుగా దిగినవి. బట్టల మిల్లులలో మగవారికి 1911లో 12 గంటలు, 1922లో ఫ్యాక్టరీలలో 11 గంటలు, 1934లో 10 గంటలు, 1948 చట్టంలో 9 గంటలు, వారానికి 48. ఈ వరుస చూడండి: పన్నెండు, పదకొండు, పది, తొమ్మిది. ఒక్కొక్క గంట దిగటానికి సుమారు పుష్కర కాలం! ఒక గంట విలువ ఎంతో ఈ లెక్క చెబుతుంది.

రోజును అమ్మాలంటే దేశమంతటా గడియారం ఒక్కటిగా ఉండాలి. రైలు లేనప్పుడు ఊరికొక సమయం ఉండేది. మచిలీపట్నంలో పొద్దు ముందు పొడుస్తుంది, హైదరాబాదులో కొంచెం వెనక. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. రైళ్ళు వచ్చిన తరువాత ఇది కుదరలేదు. 1870 నుంచి రైళ్ళు మద్రాసు టైము మీద నడిచాయి. 1906 జనవరి 1 నుంచి ఇండియన్ స్టాండర్డ్ టైము వచ్చినది. ఆ నెలలోనే బొంబాయి శివార్లలో వేలాది మిల్లు కార్మికులు పని మాని ఈ కొత్త టైముపై గలాటా చేశారు. గడియారం ముల్లు జరిపితే చీకటితోనే మిల్లుకు పోవాలి కదా అన్నది వారి బాధ. బొంబాయి నగరం తన పాత టైమును 1955 దాకా వదలలేదంటే ఆ పట్టుదల ఎంతటిదో ఊహించవచ్చు.

మన హైదరాబాదు, మన వరంగల్లు

వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు 1874లో వచ్చినది. మహబూబ్ చౌక్ గడియారం గోపురం 1892 నాటిది. నవాబులు, అమీరులు కట్టించిన ఈ గోపురాలు మొదట ఊరికి అలంకారం. మిల్లులు వచ్చిన తరువాతనే గడియారం సామాన్యుని ఇంట్లోకి అడుగుపెట్టింది. 1934లో ఏడవ నిజాం కాలంలో వరంగల్లులో ఆజంజాహీ మిల్లు ఏర్పడినది. బోధనులో చక్కెర ఫ్యాక్టరీ, హైదరాబాదులో సిగరెట్టు ఫ్యాక్టరీ, ఆల్విన్, ప్రాగా టూల్సు మొదలైనవి ఆ దశకాలలోనే లేచినవి. మిల్లున్న ఊళ్ళలో సైరను కూసిందంటే ఇంటి ఇల్లాలు పొయ్యి వెలిగించేది, పిల్లలు పలక పట్టుకునేవారు. మిల్లులో పని లేనివాడి రోజు కూడా మిల్లు రోజే అయినది.

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. వెట్టి చేసిన ఇంటి నుంచి వచ్చిన కుర్రవాడికి మిల్లు ఒక విడుదల. నెల తిరిగేసరికి చేతిలో రూపాయలు, ఎవరి గడీ ముందూ చేతులు కట్టుకొని నిలబడే పని లేదు. షిఫ్టు అయిపోతే తన ఇష్టం. దొర మనిషినే తనవాడనేవాడు, మిల్లు మనిషి గంటలనే కొన్నది. ఈ తేడా చిన్నది కాదు. అయితే గంటలు కొన్నవాడు ఎన్ని గంటలు కొనాలి, ఎంత ధరకు కొనాలి అన్న ప్రశ్న మిగిలినది. ఆ ప్రశ్నను హైదరాబాదు సంస్థానంలో గట్టిగా అడిగినవారిలో మఖ్దూం మొహియుద్దీన్ ముఖ్యుడు. 1908లో మెదక్ జిల్లా ఆందోలులో పుట్టి, సిటీ కాలేజీలో అధ్యాపకుడుగా పని చేసి, ఆ ఉద్యోగం వదిలి కార్మిక సంఘాలలోకి పోయాడు. ముషాయిరాలలో ఆయన గజళ్ళు విన్నవారే ఫ్యాక్టరీ గేట్ల వద్ద ఆయన ఉపన్యాసాలు విన్నారు. ఉర్దూ చదువుకున్న మనవారు ఆయన కవిత్వాన్ని గుర్తు పెట్టుకున్నారు, గేటు దగ్గరి పనిని మాత్రం మరచిపోతున్నారు.

ఆజంజాహీ మిల్లు 1974లో జాతీయ జౌళి సంస్థ చేతికి పోయి, చివరకు 2002లో మూతపడినది. మిల్లు పోయినప్పుడు జీతం ఒక్కటే పోలేదు. సైరను చుట్టూ అల్లుకున్న ఊరి దినచర్య అంతా పోయినది. పెట్టుబడి వచ్చినప్పుడు మన రోజును మార్చినట్లే వెళ్ళిపోయినప్పుడు కూడా మారుస్తుంది.

చాయ్, బడి గంట

చాయ్ మన పూర్వీకుల పానీయమని చాలామంది అనుకుంటారు. నిజానికి అస్సాంలో తోటలు పెట్టిన కంపెనీలు చాలాకాలం ఆకునంతా విలాయతుకే పంపాయి. ఇంగ్లండు మిల్లు కార్మికుడు వేడి చాయ్‌లో చక్కెర వేసుకొని రొట్టె ముంచుకుంటే పూట గడిచేది. వంటకు సమయం లేని మనిషికి అది చౌక బలం. ఆ చక్కెరేమో వెస్టిండీసులో బానిసలు పండించినది. తరువాత 1903లో తేయాకు మీద పన్ను వేసి ఆ డబ్బుతో ఇక్కడ కూడా ప్రచారం మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్యాక్టరీలలో, గనులలో చాయ్ దుకాణాలు పెట్టించారు. 1930లలో బండ్ల మీద తిరిగి ఉచితంగా తాగించి, ఎట్లా కాయాలో రైలు స్టేషన్లలో రంగు పలకలు వేలాడదీశారు. పనిలో మధ్యన చాయ్ తాగితే కార్మికుడు హుషారుగా ఉంటాడని యజమానులకు నచ్చజెప్పారు. మనవారు మాత్రం ఆ పలకల మీది పద్ధతిని పక్కన పెట్టి పాలు, చక్కెర దండిగా పోసి తమ చాయ్ తామే చేసుకున్నారు. హైదరాబాదులో ఇరానీ హోటళ్ళు దానికి కూర్చునే చోటు కల్పించాయి. కంపెనీ పది నిమిషాల విరామం కోసం ఇచ్చిన కప్పుతో గంట సేపు ముచ్చట పెట్టుకోవటం మన జనం సాధించిన చిన్న విజయం.

బడి సంగతి మా వృత్తికి సంబంధించినది. మద్రాసులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి 1789లో పర్యవేక్షకుడుగా ఉన్న ఆండ్రూ బెల్ అనే పాదరీ, ఇక్కడి వీధి అరుగు బడులలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దటం, పెద్ద పిల్లవాడు చిన్నవాడికి చెప్పటం చూశాడు. ఆ పద్ధతిని 1797లో లండనులో పుస్తకంగా వేశాడు. ఒక్క పంతులుతో వందలాది పేద పిల్లలకు చదువు చెప్పించవచ్చని అక్కడివారు దాన్ని అందిపుచ్చుకున్నారు. పేరు 'మద్రాసు పద్ధతి' అయినా, అక్కడ దానికి వరుసలు, హాజరు, క్రమశిక్షణ కలిసి ఫ్యాక్టరీ పోలిక వచ్చినది. అరుగు బడిలో పిల్లవాడికి పాఠం వచ్చిన తరువాతనే మరో పాఠం. నేటి బడిలో పాఠం వచ్చినా రాకపోయినా నలభై నిమిషాలు కాగానే గంట. బెల్లు కొట్టే మేము కూడా ఆ బెల్లుకు లోబడినవారమే. చదువు జ్ఞానం కోసమా, రేపటి షిఫ్టుకు అలవాటు పడటానికా అని ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి ఆలోచించవలసి ఉన్నది.

తన్‌ఖ్వా, తనఖా

ఉర్దూలో తన్‌ఖ్వా అంటే జీతం, తెలుగులో తనఖా అంటే తాకట్టు. రెండూ ఒక్క మాట నుంచే వచ్చినవి. ఈ రోజుల్లో రెండింటికీ తేడా లేకుండా పోతున్నది. జీతం చేతికి రాకముందే కిస్తీలకు తాకట్టు పడి ఉంటున్నది.

కిస్తీల మీద సరుకు అమ్మటం సింగర్ కుట్టు మిషను కంపెనీ 1856లో పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. మన దర్జీల ఇండ్లలో ఎన్నింటికో ఆ మిషనే అన్నం పెట్టింది. సంపాదించే పనిముట్టుకు అప్పు వేరు, పెండ్లి భోజనాలకు, కొత్త ఫోనుకు అప్పు వేరు. 1913లో హెన్రీ ఫోర్డ్ కారు తయారీలో కదిలే వరుస పద్ధతి పెట్టగా, పన్నెండు గంటలకు పైగా పట్టే బిగింపు కొద్ది నెలల్లో గంటన్నరకు దిగినది. కాని రోజంతా ఒకే మర బిగించటం భరించలేక మనుషులు వచ్చినట్లే వచ్చి మానేశారు. దానితో 1914లో రోజుకు ఐదు డాలర్లు, ఎనిమిది గంటలు అని ప్రకటించాడు. మంచిదే. అయితే ఆ ఐదు డాలర్లకు అర్హుడా కాదా అని చూడటానికి కంపెనీ మనుషులు కార్మికుల ఇండ్లకు పోయి తాగుతున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉన్నదా, డబ్బు దాస్తున్నాడా అని విచారించేవారు. ఎక్కువ కూలి ఇచ్చినవాడు ఇంటి గడప కూడా దాటి వచ్చాడు. అదే కార్మికుడు క్రమంగా ఆ కార్లకు ఖరీదుదారు కూడా అయినాడు. పగలు అమ్మిన గంటలతో రాత్రి సరుకు కొనాలి, సరుకు కిస్తీ తీరటానికి మళ్ళీ గంటలు అమ్మాలి.

మన రాష్ట్రంలో కిస్తీ ఎంత దూరం పోయిందో 2010లో చూశాం. వారం వారం వసూలు చేసే సూక్ష్మ రుణాల ఒత్తిడి భరించలేక పేద స్త్రీలు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు వచ్చిన మీదట ఆ అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చినది. ఆ ఇండ్లలో వారం అంటే ఏడు రోజులు కాదు, కిస్తీకి కిస్తీకి మధ్య ఉండే ఎడం.

జేబులో సైరను

ఇప్పుడు మిల్లు సైరన్లు చాలా చోట్ల ఆగిపోయినవి. అందుచేత గంట పీడ విరగడ అయినదని అనుకోరాదు. సైరను మన జేబులోకి వచ్చినది. ఫోను మోగగానే బండి ఎక్కి అన్నం పొట్లం చేర్చే కుర్రవాడికి ఫ్యాక్టరీ గేటు లేదు, మేస్త్రీ లేడు, కాని హాజరు ఎప్పుడూ ఉన్నది. ఆర్డరు వస్తేనే కూలి, రాకపోతే రోడ్డు పక్క నిరీక్షణ. ఆ నిరీక్షణకు ధర లేదు. ఇంటి పట్టున అగరుబత్తీలు చుట్టే, లక్క గాజులు అద్దే, జర్దోజీ కుట్టే మన తల్లులకు, చెల్లెళ్ళకు కూడా అంతే. ముక్కకింత అని కూలి. గంటల లెక్క లేదు గనుక హద్దు కూడా లేదు. "ఇంట్లోనే ఉంటున్నది కదా" అన్న మాట వెనుక పది పన్నెండు గంటల పని దాగి ఉంటున్నది.

గల్ఫు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత మన వీధుల నుంచి ఎందరో అక్కడికి పోయారు. అక్కడ కఫీలు అనుమతి లేనిదే పని మారటానికి వీలులేని పద్ధతి దశాబ్దాల పాటు సాగినది. పక్కా ఇండ్లు లేచినవి, చెల్లెళ్ళ పెండ్లిండ్లు జరిగినవి. కాని అక్కడ అమ్మినది రోజుకు ఎనిమిది గంటలు కాదు, రెండేసి ఏండ్ల చొప్పున యవ్వనం. బిడ్డ నడక నేర్చినది, తండ్రి పోయినది, రెండూ ఫోనులోనే విన్నవారు మన సభ్యులలో ఎందరో కలరు.

చట్టాల వైపు చూద్దాం. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చినవి. ఫోను మీద నడిచే ఈ కొత్త పనివారిని కూడా చట్టం మొదటిసారిగా పేరు పెట్టి గుర్తించినది. ఇది మంచి మాట. మరోవైపు అదే 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీలలో రోజు పని హద్దును 9 నుంచి 10 గంటలకు పెంచుతూ నిర్ణయం చేసినది. తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో 10 గంటల దాకా అనుమతిస్తూ వారానికి 48 గంటల హద్దు ఉంచినది. పన్నెండు, పదకొండు, పది, తొమ్మిది అని దిగిన మెట్లలో మనం మళ్ళీ ఒక మెట్టు ఎక్కుతున్నాం.

తరగతిలో మేము వేయించే చిన్న లెక్క ఒకటి ఇక్కడ వేద్దాం. పన్నెండు గంటల డ్యూటీ, రెండు గంటల రాకపోకలు, ఏడు గంటల నిద్ర. మొత్తం ఇరవై ఒకటి. మిగిలినవి మూడు గంటలు. స్నానం, తిండి, బజారు, ముసలి తల్లిదండ్రుల మందులు, పిల్లల చదువు, బంధువుల మంచి చెడ్డలు అన్నీ ఆ మూడు గంటల్లోనే. పుర్సతు ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉన్నది. అది పోలేదు, అమ్ముడుపోయింది. చాలాసార్లు మనకు తెలియకుండానే, తక్కువ ధరకు.

మనం చేయగలిగినది

పెట్టుబడి రేపే మాయమవుతుందని గాని, గడియారాలు పగులగొట్టాలని గాని మేము అనము. యంత్రం వల్ల బట్ట చౌక అయినది, మందు దొరికినది, వెట్టి పోయినది. కాని చరిత్ర ఒక పాఠం స్పష్టంగా చెబుతున్నది. ఏ దేశంలోనూ, ఏ కాలంలోనూ ఒంటరిగా అడిగినవాడికి ఒక్క గంట కూడా తిరిగి రాలేదు. ఆదివారం గాని, ఎనిమిది గంటలు గాని, పసిపిల్లలను మిల్లు నుంచి బడికి మళ్ళించటం గాని, అన్నీ కలిసి అడిగినవారి వల్లనే వచ్చినవి.

కనుక సంఘ సభ్యులకు మా మనవి ఇది. మన పిల్లలు పనిలో చేరేటప్పుడు "జీతం ఎంత?" అని అడుగుతున్నాం, "గంటలు ఎన్ని?" అని కూడా అడుగుదాం. హద్దు దాటిన గంటలకు రెట్టింపు కూలి అడిగే హక్కు చట్టంలో ఉన్నదని ఇంటింటా చెబుదాం. ఇంట్లో ముక్కల పని చేసే స్త్రీలు ఒక్కొక్కరుగా గాక పదిమంది కలిసి ధర మాట్లాడేటట్లు సంఘం పూనుకోవాలి. బడి మానిపించి కుర్రవాణ్ణి షాపులో నిలబెట్టే ఇంటికి సంఘం పెద్దలు నడచి పోవాలి. అప్పు చేసే ముందు ఆ కిస్తీ ఎన్ని గంటల పని అవుతుందో కాగితం మీద లెక్క వేసుకోవటం పిల్లలకు కూడా నేర్పుదాం.

వారంలో ఒక్క గంట, ఎవరికీ అమ్మని గంట, సంఘం గదిలో కూర్చుందాం. నాలుగు పత్రికలు, ఒక చాయ్, కష్టసుఖాల ముచ్చట. లోఖండే కూడగట్టిన కార్మికులు ఆదివారాన్ని సంపాదించి పెట్టినది ఇటువంటి గంట కోసమే. దాన్ని వృథా చేసుకోకుండా ఉంటే చాలు, మిగతా గంటల సంగతి మాట్లాడుకోవటానికి చోటు దొరుకుతుంది.